దేవుడు అలిగే రూల్స్: డంజన్ క్రాల్ క్లాసిక్స్ క్లెరిక్‌ని ఫిఫ్త్ ఎడిషన్ టేబుల్‌కి తెచ్చుకుంటే

ఇది పుస్తకం మొత్తానికి రివ్యూ కాదు. గుడ్‌మన్ గేమ్స్ వాళ్లు 2012లో తెచ్చిన డంజన్ క్రాల్ క్లాసిక్స్ అనే రోల్‌ప్లేయింగ్ ఆట రూల్‌బుక్‌లో క్లెరిక్ (దేవుడి శక్తితో స్పెల్స్, అంటే మంత్రాలు వేసే పాత్ర) గురించిన భాగం ఒకటుంది కదా, అందులోనూ దేవుడికి కోపమొచ్చే పద్ధతి, దాన్ని ఫిఫ్త్ ఎడిషన్ డీ అండ్ డీలో (డంజన్స్ అండ్ డ్రాగన్స్) హౌస్ రూల్‌గా, అంటే మన టేబుల్ సొంత రూల్‌గా పెట్టుకుంటే ఎలా ఉంటుందనేదే ఇక్కడ చెప్పబోయేది. మా టేబుల్ మీద ఒక క్యాంపెయిన్ (చాలా సెషన్ల పాటు సాగే ఒకే కథ) మొత్తం దీంతోనే ఆడాం, ఇప్పుడు నడుస్తున్నదీ దీంతోనే. ఆ కొద్ది పేజీల కోసం పుస్తకం కొన్నా డబ్బు దండగ కాదు. కానీ ఉన్నదున్నట్టు దించేస్తే మాత్రం మీ క్లెరిక్ ప్లేయర్ రెండో సెషన్‌కే వచ్చి, నేను ఫైటర్ ఆడతానంటాడు.

అసలు ఈ గొడవంతా ఎందుకంటే, ఫిఫ్త్ ఎడిషన్‌లో క్లెరిక్‌కి దేవుడితో పని పడదు. క్యారెక్టర్ షీట్ మీద దేవుడి పేరు రాస్తాం, డొమైన్ (ఆ దేవుడి అధికార రంగం) ఎంచుకుంటాం, ఆ తర్వాత ఆ పేరు ఎవరికీ గుర్తుండదు. రోజుకి ఎన్ని స్పెల్స్ వెయ్యొచ్చో చెప్పేవి స్లాట్లు. ఐదో లెవెల్ క్లెరిక్‌కి ఫస్ట్ లెవెల్ స్లాట్లు 4, సెకండ్ 3, థర్డ్ 2. ఐదో లెవెల్ విజర్డ్‌కీ (మామూలు మాంత్రికుడికీ) సరిగ్గా అవే. రాత్రి పడుకుని లేస్తే ఇద్దరికీ నిండుతాయి. క్లెరిక్ ముందురోజు అనాథాశ్రమాన్ని కాపాడినా, తగలబెట్టినా స్లాట్లు మాత్రం అన్నే ఉంటాయి. దైవశక్తి అంటే అడిగితే వచ్చేది, ఎవరో ఒకరు ఇస్తే వచ్చేది అనే భావన నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టం. ఆ ఇచ్చేవాడే ఎక్కడా కనిపించకపోతే మిగిలేది కవచం తొడుక్కున్న విజర్డే.

మొదట్నుంచీ ఇలాగే ఉందా అంటే, లేదు. డీ అండ్ డీ సృష్టికర్తల్లో ఒకడైన డేవ్ ఆర్నెసన్ నడిపిన బ్లాక్‌మూర్ క్యాంపెయిన్‌లో సర్ ఫ్యాంగ్ అనే వ్యాంపైర్ క్యారెక్టర్ బలం మరీ మితిమీరిపోతే, అతనికి అడ్డుకట్ట వెయ్యడానికి పుట్టిన క్లాస్ క్లెరిక్. 1974లో వచ్చిన మొదటి డీ అండ్ డీలో ఒకటో లెవెల్ క్లెరిక్‌కి స్పెల్స్ లేనే లేవు, రెండో లెవెల్‌కి వచ్చాకే మొదటి స్పెల్. ఇక 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో నాకు బాగా నచ్చిన లెక్క ఒకటుంది: ఒకటి, రెండు లెవెల్ స్పెల్స్ క్లెరిక్ సొంత విశ్వాసంతో, శిక్షణతో వస్తాయి. మూడు నుంచి ఐదు దాకా దేవుడి సేవకులు అందిస్తారు. ఆరు, ఏడు లెవెల్స్ మాత్రం నేరుగా దేవుడినే అడగాలి. అంటే పైకి వెళ్లేకొద్దీ ఎవరి తలుపు తడుతున్నావో మారుతుంది. తర్వాతి ఎడిషన్లలో ఇది కనుమరుగైంది. మేం దీన్ని కూడా వాడుకున్నాం, ఎలాగో కింద చెప్తాను.

సరే, డంజన్ క్రాల్ క్లాసిక్స్‌లో ఏముందంటే, స్లాట్లు లేవు. క్లెరిక్ స్పెల్ వేసిన ప్రతిసారీ డీ20 (ఇరవై ముఖాల డైస్) వేసి, పర్సనాలిటీ మాడిఫయర్ (ఆ లక్షణాన్ని బట్టి వచ్చే అదనపు అంకె), లెవెల్ కలపాలి. ఫస్ట్ లెవెల్ స్పెల్‌కి 12, సెకండ్‌కి 14, థర్డ్‌కి 16 రావాలి. రాకపోతే విజర్డ్‌లాగా ఆ రోజుకి స్పెల్ పోగొట్టుకోడు, మళ్లీ ప్రయత్నించొచ్చు. కానీ దేవుడి చిరాకు ఒక మెట్టు ఎక్కుతుంది. పొద్దున్న డైస్ మీద 1 పడితేనే ప్రమాదం. ఒకసారి ఫెయిలైతే 1, 2 రెండూ ప్రమాదమే. ఇంకోసారి ఫెయిలైతే 3 దాకా. ఆ పరిధిలో అంకె పడిందంటే కూడితే ఎంతొచ్చినా లెక్కలేదు, స్పెల్ ఫెయిల్, పైగా శిక్షల పట్టిక మీద డైస్ వెయ్యాలి. చిన్న శిక్ష అయితే కాసేపు మంత్రాలు జపించడంతో సరిపోతుంది, పెద్దవి చాలా ఘోరంగా ఉంటాయి. మేం ఈ పరిధిని టేబుల్ మీద 'అలక' అంటాం. అలక 1, అలక 4, అలా.

దీన్ని తగ్గించుకునే దారి కూడా ఉంది. 50 బంగారు నాణేల విలువైనది బలిగా ఇస్తే ఒక పాయింట్ తగ్గుతుంది. మర్నాటికి మొత్తం పోయి మళ్లీ 1కి వస్తుంది. అలాగే దేవుడికి నచ్చని పని చేస్తే, డైస్ వెయ్యకపోయినా సరే, డీఎం (డంజన్ మాస్టర్, ఆట నడిపేవాడు) అలక పెంచొచ్చు.

చదువుతుంటేనే ఎంత బాగుందో చూడండి. ప్రతి ఫెయిల్యూర్‌తో అపాయం 5 శాతం చొప్పున పెరుగుతుంది, ఆ పెరగడం ప్లేయర్ కళ్ల ముందే జరుగుతుంది, ఇప్పుడు అడగాలా వద్దా అని ప్రతిసారీ ఆలోచించాల్సి వస్తుంది. సాయంత్రానికి ఒక చిన్న బ్లెస్ అడగడానికి కూడా టెన్షన్ పడే క్లెరిక్‌ని నేను వేరే ఏ రూల్‌తోనూ చూడలేదు.

ఇక దీన్ని ఫిఫ్త్ ఎడిషన్ మీద అతికిస్తే ఏమవుతుందో లెక్క చూద్దాం. స్లాట్లు అలాగే ఉంచి, పైన చెక్ కూడా పెట్టారనుకోండి. విజ్డమ్ (ఫిఫ్త్ ఎడిషన్‌లో క్లెరిక్ స్పెల్స్‌కి ఆధారమైన లక్షణం) 16 ఉన్న ఒకటో లెవెల్ క్లెరిక్‌కి +3, లెవెల్ 1 కలిపితే +4, 12 రావాలంటే డైస్ మీద 8 పడాలి. అంటే 65 శాతం. అతని దగ్గరున్నవే రెండు స్లాట్లు. రెండూ పనిచేసే అవకాశం 42 శాతమే, మిగతా 58 శాతం రోజుల్లో కనీసం ఒకటి గాలికి పోతుంది. స్లాటూ పోయి, స్పెల్లూ పోయి, అలకా పెరిగితే అది మూడు దెబ్బలు ఒకేసారి తిన్నట్టు. పోనీ స్లాట్లు పూర్తిగా తీసేస్తే? ఐదో లెవెల్‌కి వచ్చేసరికి ఫస్ట్ లెవెల్ స్పెల్స్ దాదాపు ఫెయిల్ కావు, క్లెరిక్ రోజంతా క్యూర్ వూండ్స్ (గాయాలు మాన్పే స్పెల్) వేస్తూ కూర్చుంటాడు. అసలు పుస్తకంలో ఇది బ్యాలెన్స్ అవ్వడానికి కారణం అక్కడి మాడిఫయర్లు చిన్నవి కావడం, వైద్యం రూల్ వేరుగా ఉండడం.

అందుకని మేం చేసిన మార్పు ఇది: స్లాట్లను ముట్టుకోలేదు. అవి దేవుడు ఆ రోజుకి ఇచ్చిన వాటా. వాటికి చెక్ లేదు, అలక లేదు, రూల్‌బుక్‌లో ఉన్నట్టే. స్లాట్లు అయిపోయాక కూడా క్లెరిక్ అడగొచ్చు, అప్పుడు మాత్రం అది వేడుకోలు. డీ20 వేసి స్పెల్ ఎటాక్ మాడిఫయర్ కలపాలి, అది ఎలాగూ షీట్ మీద రాసే ఉంటుంది. టార్గెట్ మాత్రం పుస్తకంలోదే, 10కి స్పెల్ లెవెల్‌కి రెట్టింపు కలిపినంత. ఫలించినా ఫలించకపోయినా ఆ స్పెల్ లెవెల్ ఎంతో అలక అంత పెరుగుతుంది. ఈ చివరి ముక్కే కీలకం. అది లేకపోతే ఐదో లెవెల్ క్లెరిక్ (మాడిఫయర్ +7) ఫస్ట్ లెవెల్ స్పెల్‌ని 80 శాతం గ్యారంటీతో ఎన్నిసార్లైనా వేసుకుపోతాడు. అది ఉంటే థర్డ్ లెవెల్ స్పెల్ ఒక్కటి అడగ్గానే అలక 1 నుంచి 4కి ఎక్కుతుంది, రెండోది అడిగే ముందు ఎవరైనా ఒక నిమిషం ఆగుతారు.

బలి లెక్క కూడా మార్చాల్సిందే. ఫిఫ్త్ ఎడిషన్‌లో ఐదో లెవెల్‌కి వచ్చేసరికి గుంపు దగ్గర బంగారం మూలుగుతూ ఉంటుంది, దాన్ని ఖర్చుపెట్టే చోటే ఉండదు, 50 నాణేలంటే ఎవరికీ నొప్పి తెలియదు. మేం 50ని క్లెరిక్ లెవెల్‌తో గుణిస్తాం. ఐదో లెవెల్‌కి పాయింట్‌కి 250. చనిపోయినవాళ్లని బతికించే రివివిఫై స్పెల్‌కి 300 నాణేల వజ్రం అడుగుతున్న ఆటలో ఇది అన్యాయమేమీ కాదు.

శిక్షల పట్టికని అయితే పూర్తిగా పక్కన పెట్టాం. అసలు పట్టిక చదవడానికి సరదాగా ఉంటుంది, కానీ అది ఏ దేవుడికైనా ఒకటే. సముద్ర దేవతకీ, న్యాయ దేవుడికీ ఒకే రకం కోపం ఎందుకొస్తుంది? మా దగ్గర ప్లేయరే సెషన్ జీరోలో (ఆట మొదలయ్యే ముందు కూర్చుని మాట్లాడుకునే సెషన్) తన దేవుడికి ఇష్టమైనవి మూడు, సహించనివి మూడు రాస్తాడు. ఈ ఆలోచన పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆట సెకండ్ ఎడిషన్‌లో ఉన్న ఈడిక్ట్స్, అనాథమాల నుంచి తీసుకున్నాం, అక్కడ ప్రతి దేవుడికీ చెయ్యాల్సినవి, చెయ్యకూడనివి ముందే రాసి ఉంటాయి. శిక్ష పడితే ఆ జాబితాలోంచే పడుతుంది. ఇక్కడే 1979 నాటి లెక్క పనికొచ్చింది: ఎంత పెద్ద శిక్ష పడినా ఒకటి, రెండు లెవెల్ స్పెల్స్ పోవు, అవి క్లెరిక్ సొంత విశ్వాసంతో వచ్చేవి కాబట్టి. మూడు, ఆపైవి మాత్రం దేవుడిని ప్రసన్నం చేసుకునేదాకా ఆగిపోతాయి. ప్లేయర్ ఒక సెషన్ మొత్తం చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పని ఉండదు.

ఆడితే ఎలా ఉంటుందో ఒక్క సీన్ చెప్తాను. మా క్లెరిక్ మృతుల దేవత భక్తురాలు, ఆవిడ సహించనివాటిలో మొదటిది 'చనిపోయినవాళ్ల ఒంటిమీది సొమ్ము తియ్యడం'. సగం నీళ్లు నిండిన ఒక సమాధిలో రోగ్ (గుంపులోని దొంగ పాత్ర) ఒక అస్థిపంజరం మెడలోంచి కెంపుల హారం తీస్తుంటే, క్లెరిక్ ప్లేయర్ "నేను అటు చూడట్లేదు" అన్నాడు. డీఎం అక్కడికక్కడే చెప్పాడు, అలక మూడు పెరిగింది, ఇప్పుడు 4 అని. ఎవరూ పట్టించుకోలేదు, స్లాట్లు ఇంకా ఉన్నాయి కదా. తర్వాత రెండు ఫైట్లకి స్లాట్లు అయిపోయాయి. ఒకసారి వేడుకుంటే క్యూర్ వూండ్స్ పలికింది, అలక 5. ఆ వెంటనే ఫైటర్ సున్నా హిట్ పాయింట్లతో నీళ్లలో పడిపోయాడు, రెండు డెత్ సేవ్స్ పోయాయి (మూడోదీ పోతే చావే). క్లెరిక్ మళ్లీ అడిగింది. డైస్ మీద 5 పడింది. ఐదూ ఏడూ పన్నెండు, కావాల్సింది పన్నెండే. కానీ అలక 5. టేబుల్ చుట్టూ అందరం డైస్ వంక చూస్తూ ఉండిపోయాం. రోగ్ పరిగెత్తుకెళ్లి హీలర్స్ కిట్‌తో ఫైటర్‌ని నిలబెట్టాడు కాబట్టి ప్రాణం దక్కింది. ఫైట్ అయ్యాక క్లెరిక్ ప్లేయర్ రోగ్ వైపు చెయ్యి చాచి, "హారం ఇటివ్వు" అన్నాడు, అంతే. తర్వాత ఆ హారం మీద వాళ్లిద్దరి మధ్య నడిచిన వాదన, ఆ క్యాంపెయిన్ మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయిన రోల్‌ప్లే. స్లాట్లు మాత్రమే ఉన్న ఆటలో ఆ వాదన పుట్టేదే కాదు, హారం అమ్ముకుని ముందుకెళ్లిపోయేవాళ్లం.

ఈ సీన్ బాగా రావడానికి డీఎం ఆ క్షణంలోనే పైకి చెప్పడం సగం కారణం. దయచేసి ఈ ముక్క గట్టిగా పట్టుకోండి. అలక ఎంతుందో అందరికీ కనిపించేలా ఒక డైస్ బల్ల మధ్యలో పెట్టండి. జాబితాలో లేని తప్పుకి అలక పెంచకండి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, రూల్ ఒప్పుకున్నా డీఎం అడ్డుపడే టేబుళ్లు చాలా చూశాను. పాత ఎడిషన్లలో అలైన్‌మెంట్ (పాత్ర ఎంచుకున్న మంచి-చెడు పక్షం) తప్పావని చెప్పి పాలడిన్ (ధర్మయోధుడి పాత్ర) శక్తులు ఊడబీకడం దగ్గర ఎన్ని స్నేహాలు చెడ్డాయో ఆడినవాళ్లకి తెలుసు. ఈ పుస్తకంలో పాపానికి అలక పెంచే అధికారం డీఎంకి కాస్త ఎక్కువే ఇచ్చారు, నా దృష్టిలో ఇది అందులో ఉన్న అతిపెద్ద లోపం. మంచి డీఎం చేతిలో ఏ ఇబ్బందీ ఉండదు, కానీ ఆ పక్కన కూడా ప్లేయర్‌కి ఏదో ఒక రక్షణ రాసి ఉండాల్సింది.

వైద్యం రూల్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, పుస్తకంలో నాకు రెండో ఇష్టమైన భాగమిది. ఇక్కడ వైద్యం స్పెల్ కాదు, చెయ్యి పెట్టి నయం చెయ్యడం క్లెరిక్‌కి వేరే శక్తి. ఎవరికి నయం చేస్తున్నావో వాళ్ల హిట్ డైస్‌తోనే (ఆ పాత్ర ప్రాణశక్తిని లెక్కగట్టే డైస్) వేస్తారు. ఫిఫ్త్ ఎడిషన్ లెక్కలో చెప్పాలంటే బార్బేరియన్‌కి డీ12, విజర్డ్‌కి డీ6. పెద్ద శరీరం పెద్దగా కోలుకుంటుంది. క్యూర్ వూండ్స్ అందరికీ ఒకే డీ8 (2024లో 2డీ8 చేశారు) ఇవ్వడం కంటే నాకిది ఎంతో సహజంగా అనిపిస్తుంది. పైగా క్లెరిక్‌తో ఒకే అలైన్‌మెంట్ ఉన్నవాళ్లకి ఎక్కువ డైస్, వ్యతిరేకులకి తక్కువ, వ్యతిరేకులకి నయం చేస్తే దేవుడికి కోపం రావచ్చు కూడా. ఫిఫ్త్ ఎడిషన్‌లో అలైన్‌మెంట్‌కి పెద్దగా విలువ లేదు కాబట్టి మేం అలైన్‌మెంట్ భాగం వదిలేసి, టార్గెట్ హిట్ డైస్ వాడడం మాత్రం ఉంచుకున్నాం. పెద్దగా లెక్కలు మారవు, ఫైటర్ ప్లేయర్ మొహం మాత్రం వెలిగిపోతుంది.

ఇక డివైన్ ఇంటర్వెన్షన్ (దేవుడినే నేరుగా సాయం అడిగే శక్తి) సంగతి. ఫిఫ్త్ ఎడిషన్ 2014 రూల్స్‌లో పదో లెవెల్ క్లెరిక్ పర్సంటైల్ డైస్ (1 నుంచి 100 దాకా) వేసి తన లెవెల్ అంత, లేదా తక్కువ తెస్తేనే దేవుడు పలుకుతాడు. అంటే 10 శాతం. పలికితే మళ్లీ ఏడు రోజుల దాకా లేదు. పలకనప్పుడు ఏమీ జరగదు, ఒక టర్న్, ఆ రోజుకి ఆ అవకాశం పోతాయంతే. ఇంత పెద్ద పేరు పెట్టి ఇంత చప్పగా రాసిన ఫీచర్ ఇంకోటి ఉండదు. 2024లో దాన్ని ఐదో లెవెల్ దాకా ఏదో ఒక క్లెరిక్ స్పెల్‌ని స్లాట్ లేకుండా వేసుకోవడంగా మార్చారు. వాడడానికి బాగుంది, కానీ దేవుడు ఇంకాస్త దూరమయ్యాడు. డంజన్ క్రాల్ క్లాసిక్స్‌లో ఎంత చిన్న క్లెరిక్ అయినా, ఏ స్పెల్ లిస్టులోనూ లేనిదాన్ని కూడా, దేవుడిని నేరుగా అడగొచ్చు. చిన్న కోరికకి 10, అసాధారణమైనదానికి 18 రావాలి. మూల్యం: అలక ఒకేసారి పది పెరుగుతుంది. పది! డీ20 మీద సగం అంకెలు ఆ దెబ్బకి ప్రమాదంలో పడతాయి. మేం దీన్ని ఒక్క అక్షరం మార్చకుండా తెచ్చుకున్నాం. ఎవరూ ఊరికే వాడరు, కానీ వాడిన ప్రతిసారీ అది ఆ రాత్రికి పెద్ద సంఘటన అవుతుంది.

ఇదే పని చేసే రూల్స్ వేరే ఆటల్లో లేవా అంటే ఉన్నాయి, క్లుప్తంగా చెప్తాను. వార్‌హామర్ ఫాంటసీ నాలుగో ఎడిషన్‌లో పాపం పాయింట్లు ఉంటాయి, ప్రార్థన టెస్ట్‌లో ఒకట్ల స్థానం అంకె ఆ పాయింట్లకి సమానంగానో తక్కువగానో పడితే దేవుడి ఆగ్రహం. చాలా చక్కని ఆలోచన, కానీ అది పర్సంటైల్ ఆట కాబట్టి డీ20 మీదకి సులువుగా రాదు. షాడోడార్క్‌లో ప్రీస్ట్ చెక్ ఫెయిలైతే ఆ స్పెల్ రెస్ట్ దాకా పోతుంది, డైస్ మీద 1 పడితే ప్రాయశ్చిత్తం చేసుకుంటే తప్ప తిరిగి రాదు. కొత్తవాళ్లకి, ఒక్క రాత్రి ఆటకి ఇదే సులువు. రూన్‌క్వెస్ట్‌లో అయితే దైవశక్తి మొత్తం ఆరాధన చుట్టూ తిరుగుతుంది, వాడేసిన రూన్ పాయింట్లు పూజల్లో, పర్వదినాల్లో తిరిగి తెచ్చుకోవాలి. దైవశక్తి విషయంలో దాన్ని మించిన ఆట లేదని నేను నమ్ముతాను, కానీ అది ఆ ప్రపంచంతో కలిసిపోయిన రూల్, విడదీసి తెచ్చుకుంటే ప్రాణం పోతుంది. తెచ్చి అతికించుకోవడానికి డంజన్ క్రాల్ క్లాసిక్స్ ముక్కే అనువైనది, మొత్తం ఒక అంకె మీద నడుస్తుంది కాబట్టి.

పుస్తకం వైపు ఇబ్బందులు: చాలా లావుగా ఉంటుంది, ప్రతి స్పెల్‌కీ ఎంత పడితే ఏమవుతుందో వేరే పట్టిక ఉండడంతో ఆట మధ్యలో పేజీలు తిప్పుతూనే ఉండాలి. మేం ఆ పట్టికల్ని వాడం కాబట్టి మాకు బాధ లేదు, కానీ కేవలం క్లెరిక్ కోసం కొనేవాళ్లు మిగతా పుస్తకంలో ఎక్కువ భాగం తెరవరన్నది నిజం. ముందు వాళ్ల ఉచిత క్విక్‌స్టార్ట్ పీడీఎఫ్ చూసి, ఆ రుచి మీకు పడుతుందో లేదో తేల్చుకోండి.

ఎవరికి పనికిరాదంటే, రోజుకి ఒకే ఫైట్ పెట్టే టేబుళ్లకి. స్లాట్లు అయిపోనే అయిపోవు, అలక 1 దగ్గరే నిద్రపోతుంది. అలాగే క్లెరిక్ ప్లేయర్‌కి ఇష్టం లేకపోతే బలవంతంగా రుద్దకండి. ఈ రూల్ వల్ల అతనికి అదనపు శక్తి కూడా వస్తుంది కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు, ఒప్పుకోనివాళ్ల క్లెరిక్ మామూలుగానే ఆడొచ్చు, పక్కనే ఇంకొకరు అలకతో ఆడినా బ్యాలెన్స్ ఏమీ చెడదు. పాలడిన్లకి మేం ఇది పెట్టలేదు. ఫిఫ్త్ ఎడిషన్‌లో వాళ్ల శక్తి ప్రమాణం నుంచి వస్తుంది, దేవుడు ఉండి తీరాలన్న రూల్ లేదు. ప్రమాణం తప్పితే ఏమవ్వాలన్నది వేరే రకం ప్రశ్న, దానికి డైస్ అడ్డం పెట్టకుండా ప్లేయర్‌తో కూర్చుని మాట్లాడుకోవడమే మా పద్ధతి. డ్రూయిడ్‌కి (ప్రకృతి శక్తితో మంత్రాలు వేసే పాత్ర) మాత్రం వచ్చే క్యాంపెయిన్‌లో పెట్టి చూడాలని ఉంది, సహించనివాటి జాబితా అప్పుడే మా ప్లేయర్ రాసేసింది, మొదటి లైను 'పచ్చి చెట్టు నరికి మంట వెయ్యడం'.